తెరమీద సిగరెట్టు: పిల్లలతో సన్నివేశాన్ని విప్పి చూడడం ఎలా?

‘ధూమపానం ఆరోగ్యానికి హానికరం’ అన్న వాక్యం మూడో తరగతి పిల్లవాడికి కూడా కంఠతా వచ్చు. ‘ఈ నగరానికి ఏమైంది’ ప్రకటనను గొంతు మార్చి అనుకరించే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు, వార్షికోత్సవంలో దానికి చప్పట్లు కూడా పడతాయి. పిల్లలకు సమాచారం తక్కువ కాలేదు. ఆ సిగరెట్టు హీరో చేతిలోకి దానంతట అదే రాలేదనీ, ఎవరో ఆలోచించి పెట్టారనీ గమనించే అలవాటు వాళ్లకు లేదు. నేర్పవలసింది ఆ అలవాటే.

సినిమాల్లో పొగతాగే దృశ్యాల గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తరచూ అడుగుతున్నారు. ఈ పద్ధతి 12 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సరిపోతుంది. 45 నిమిషాల చొప్పున మూడు తరగతులు కావాలి, వాటి మధ్య వారం వ్యవధి ఉంటే మంచిది. గుంపు 30 మందికి మించకూడదు. బడి, గ్రంథాలయం, అపార్టుమెంటు హాలు, ఎక్కడైనా చేయవచ్చు. ఇంట్లో ఒక్క బిడ్డతో చేసేవాళ్లు 9వ భాగం చూడండి.

## 1. ముందు మీరు సిద్ధం కావాలి

పిల్లలు అడిగే ప్రశ్నలకు నీళ్లు నమలకూడదంటే కొన్ని విషయాలు మీ దగ్గర ఉండాలి. ఇవన్నీ తరగతిలో ఏకరువు పెట్టడానికి కాదు, అవసరం వచ్చినప్పుడు తీయడానికి.

చట్టం. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. దాని 5వ సెక్షను పొగాకు ప్రకటనలను నిషేధించింది. 6వ సెక్షను ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. తెరమీద పొగాకు చూపడాన్ని ప్రభుత్వం 2005లో పూర్తిగా నిషేధించబోయింది. ఆ నిబంధనలను ఢిల్లీ హైకోర్టు 2009 జనవరిలో కొట్టేసింది. ఆ తరువాత నిషేధాన్ని వదిలి హెచ్చరికల దారి పట్టారు. 2012 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం పొగాకు కనిపించే సినిమాలో మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, కనీసం 20 సెకన్ల దృశ్య శ్రవణ హెచ్చరిక ఉండాలి. పొగాకు కనిపించినంతసేపూ తెర అడుగున అక్షరాల్లో హెచ్చరిక ఉండాలి. బ్రాండు పేరు కనిపించకూడదు. 2023 సెప్టెంబరు 1 నుంచి ఇదంతా ఓటీటీ వేదికలకు కూడా వర్తిస్తోంది.

పరిశోధన. ఢిల్లీలోని 12 పాఠశాలల్లో దాదాపు 4 వేల మంది విద్యార్థులపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. హిందీ సినిమాల్లో పొగాకు దృశ్యాలను బాగా ఎక్కువగా చూసిన పిల్లల్లో పొగాకు రుచి చూసే అవకాశం, తక్కువగా చూసినవాళ్లతో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ నివేదిక ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, సినిమాల్లో పొగతాగే దృశ్యాలకూ యువత ఆ అలవాటు మొదలుపెట్టడానికీ కార్యకారణ సంబంధం ఉందని తేల్చింది.

డబ్బు. 1983లో హాలీవుడ్ నటుడు సిల్వెస్టర్ స్టలోన్ అయిదు సినిమాల్లో బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ పొగాకు ఉత్పత్తులు వాడతానని లేఖ రాశాడు. అందుకు ప్రతిఫలం 5 లక్షల డాలర్లు. ఆ లేఖ తరువాత బయటపడింది. పొగాకు కంపెనీలు రాష్ట్రాలతో చేసుకున్న 1998 ఒప్పందంతో అమెరికాలో ఇలా డబ్బిచ్చి సినిమాల్లో పెట్టించడం ఆగింది. పిల్లలకు ఇది చెప్పండి. కానీ మన సినిమాలో కనిపించే ప్రతి సిగరెట్టు వెనకా కంపెనీ డబ్బుందని మాత్రం అనకండి. ఆధారం లేని మాట ఒక్కటి దొర్లితే, ఆధారం ఉన్న మాటలను కూడా పిల్లలు నమ్మరు.

వాస్తవం. 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో పొగాకు వాడుతున్నవారు 8.5 శాతం. అంటే నూటికి తొంభై మందికి పైగా వాడడం లేదు. ఈ రెండో లెక్కే తరగతిలో ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే ‘అందరూ తాగుతున్నారు’ అనే భ్రమ పిల్లల్లో గట్టిగా ఉంటుంది.

## 2. సన్నివేశాన్ని ఎంచుకోవడం

సగం పని ఇక్కడే. ఒక్క సన్నివేశం చాలు, 20 సెకన్లు దాటనక్కర్లేదు. ఎంచుకునేటప్పుడు చూడవలసినవి:

- పిల్లలకు తెలిసిన సినిమా, కానీ గదిలో సగం మంది ఆరాధించే హీరో ఈ నెలలోనే విడుదల చేసిన సినిమా కాకూడదు. అభిమానం వేడి మీద ఉంటే విశ్లేషణ సాగదు.
- సిగరెట్టు, బీడీ, చుట్ట, ఏదైనా సరే, వెలిగించడం నుంచి చూపించి ఉండాలి.
- మద్యం, హింస, అశ్లీలం కలగలిసి ఉండకూడదు. చర్చ అటు మళ్లిపోతుంది.
- అడుగున హెచ్చరిక అక్షరాలు ఉన్న ప్రతి అయితే మేలు. వాటితో 6వ భాగంలో పని ఉంది.

రెండో సన్నివేశం కూడా ఒకటి పక్కన పెట్టుకోండి. అందులో పొగతాగే పాత్ర స్త్రీది కావాలి. హీరో వెలిగిస్తే వీరత్వం, ఆడపిల్ల వెలిగిస్తే ‘చెడిపోయింది’ అనో ‘మోడరన్’ అనో ముద్ర. ఈ రెండు సన్నివేశాలను పక్కపక్కన పెడితే అమ్మాయిలు చర్చలోకి వస్తారు. లేకపోతే ఇది మగపిల్లల పాఠమని వాళ్లు వెనక బెంచీలో కూర్చుండిపోతారు.

సిగరెట్టు దృశ్యాలన్నీ ఏరి కూర్చిన వీడియో మాత్రం వద్దు. అలాంటివి సులువుగా దొరుకుతాయి, కానీ అయిదు నిమిషాల పాటు వరసగా అందమైన పొగ చూపించడమంటే ఉచితంగా ప్రకటన వేసినట్టే.

సెన్సారు సర్టిఫికెట్టు చూసి ‘యూ/ఏ 13+ కదా, పర్వాలేదు’ అనుకోవద్దు. మీరు స్వయంగా ముందు రోజు చూడాలి, గడియారం పెట్టుకుని సెకన్లు రాసుకోవాలి.

## 3. తరగతి మొదలయ్యే ముందు చెప్పవలసిన నియమాలు

మూడే నియమాలు. బోర్డు మీద రాయండి.

1. ఇక్కడ ఎవరు తాగుతారు, ఎవరి నాన్న తాగుతాడు అన్న మాట రాదు.
2. ఏ హీరోనూ తిట్టం, ఏ హీరోనూ పొగడం. సన్నివేశం గురించే మాట్లాడతాం.
3. పొగతాగినట్టు నటించడం లేదు. సుద్దముక్కతో కూడా లేదు.

మొదటి నియమాన్ని తేలికగా తీసుకోవద్దు. ప్రతి తరగతిలో బీడీ కాల్చే తండ్రి ఉన్న పిల్లలుంటారు. తెలంగాణలో బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులున్న పిల్లలుంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు పండించే ఇళ్ల పిల్లలుంటారు. వాళ్లు తలదించుకునే పరిస్థితి వస్తే మీ పాఠం అక్కడితో సరి.

మూడో నియమం ఎందుకంటే, వేళ్ల మధ్య పట్టుకుని విలాసంగా ఊదే భంగిమ సినిమా వాళ్లకు నేర్పినట్టే తరగతిలోనూ నేర్పుతుంది. ఆ సాధన మనం చేయించకూడదు.

## 4. మొదటి తరగతి: సన్నివేశాన్ని విప్పడం

క్రమం ఇది. దాన్ని మార్చకండి.

మొదటిసారి మామూలుగా చూపించండి. ఏమీ అడగకండి. ఈలలు వేస్తే వేయనివ్వండి. ఆ ఈల మీకు తరువాత పనికొస్తుంది.

రెండోసారి శబ్దం తీసేసి చూపించండి. గది ఒక్కసారిగా చల్లబడుతుంది. నేపథ్య సంగీతం పోగానే, ఓ మనిషి కాగితపు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు, అంతే. ‘ఇప్పుడెందుకు ఈల వేయలేదు?’ అని అడగండి. మొదటి జవాబు ఎప్పుడూ ‘మ్యూజిక్ లేదు సార్’ అనే వస్తుంది. సరైన జవాబే.

మూడోసారి చిత్రం తీసేసి శబ్దం ఒక్కటే వినిపించండి. నాలుగోసారి ఆపుకుంటూ, మూడేసి సెకన్ల చొప్పున చూపండి. ఇంతకన్నా ఎక్కువసార్లు వేయకండి.

ఆపుకుంటూ చూసేటప్పుడు ఏం వెతకాలో తెలియడానికి, మన సినిమాల్లో తరచుగా కనిపించే తరహా ప్రవేశ దృశ్యాన్ని తీసుకుందాం. రాత్రి, వాన, పాత గోదాము, ఎదురుగా నలుగురు రౌడీలు. మొత్తం 14 సెకన్లు.

*మొదటి 3 సెకన్లు.* చీకటి. అగ్గిపుల్ల గీసిన శబ్దం. హోరువానలో, పదడుగుల దూరంలో అగ్గిపుల్ల శబ్దం మనకు వినిపిస్తుందా? వినిపించదు. ఆ శబ్దాన్ని షూటింగు అయ్యాక స్టూడియోలో విడిగా చేసి, పెంచి కలుపుతారు.

*3 నుంచి 6.* మంట వెలుగులో సగం ముఖం. చెంప ఎముక, కనుబొమ్మ, కళ్లలో చుక్కంత మెరుపు. ఒక్క అగ్గిపుల్లకు అంత వెలుగు రాదు. కెమెరాకు కనిపించని చోట ఇంకో దీపం ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టడానికి ఛాయాగ్రాహకుడికి అగ్గిపుల్ల ఒక సాకు.

*6 నుంచి 10.* పొగ. ముందు నుంచి వెలుగు పడితే పొగ పెద్దగా కనిపించదు, వెనక నుంచి పడితే వెండిలా మెరుస్తుంది. అందుకే అతని వెనక లారీ హెడ్‌లైట్లు. పైగా కదలిక నెమ్మది. సెకనుకు 96 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక సెకను నాలుగు సెకన్లవుతుంది. అసలు పొగ ఇంత తీరికగా తిరగదు.

*10 నుంచి 14.* ఒక్క డైలాగు. నలుగురూ వెనకడుగు. ఎవరూ దగ్గరు, ఎవరూ ముక్కు మూసుకోరు.

ఇంత అయ్యాక గదిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘ఇంత వానలో సిగరెట్టు ఎందుకు ఆరిపోలేదు?’ మీరు అడగకండి, వాళ్లలో ఎవరో అడిగేదాకా ఆగండి. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చిందంటే మొదటి తరగతి ఫలించినట్టే.

తరువాత ఈ ఆరు ప్రశ్నల చీటీ పంచండి. ఒక్కొక్కరూ సొంతంగా పది నిమిషాలు రాయాలి.

- ఎవరి చేతిలో ఉంది? వయసు, వృత్తి, కథలో స్థానం ఏమిటి?
- ఏ క్షణంలో వెలిగించారు? గెలిచినప్పుడా, బాధలోనా, బెదిరించడానికా?
- కెమెరా, వెలుతురు, శబ్దం అప్పుడు ఏం చేశాయి?
- చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు?
- తరువాత ఏమైంది? దగ్గు, ఖర్చు, వాసన, జబ్బు ఏదైనా చూపించారా?
- సిగరెట్టు తీసేస్తే కథకు ఏం పోతుంది?

మొదటి అయిదూ ఆరో ప్రశ్నకు మెట్లు. ఆరోదానికి జవాబు రాయించకండి. ఖాళీగా ఇంటికి తీసుకెళ్లమనండి.

## 5. రెండో తరగతి: తీసేసి చూడడం

నలుగురేసి జట్లు. ఒక్కో జట్టుకు 20 నిమిషాలు. పని ఏమిటంటే అదే 14 సెకన్లను సిగరెట్టు లేకుండా మళ్లీ రాయాలి. షరతు ఒక్కటే: పాత్ర బలం తగ్గకూడదు. రౌడీలు అప్పుడూ వెనకడుగు వేయాలి.

ఇక్కడ తొందరపెట్టకండి. మొదటి అయిదు నిమిషాలు గోలగా ఉంటుంది, ఆ తరువాత నిజంగా రచన మొదలవుతుంది. చేతికి ఏదో పని కావాలని వాళ్లే కనిపెడతారు. తడిసిన చొక్కా చేతులు నెమ్మదిగా మడవడం, బండి తాళాలు వేలికి తిప్పడం, వేరుశనగ కాయ ఒలిచి నోట్లో వేసుకోవడం, పంచె ఎగగట్టడం, ఏమీ చేయకుండా కదలక నిలబడడం. చివరిది చేసి చూపించడం అన్నిటికన్నా కష్టం, చూడడానికి అన్నిటికన్నా భయం పుట్టించేది. సిగరెట్టు ఎందుకంత తేలిక దారో రచన చేస్తేగానీ తెలియదు. నటుడికి చేతులేం చేయాలో తోచనప్పుడు, రచయితకు పాత్ర బరువు మాటల్లో పట్టుబడనప్పుడు అది అక్కరకొస్తుంది.

కొందరు సిగరెట్టు బదులు మందు గ్లాసు పెడతారు, కొందరు కత్తి. ఆపకండి. ప్రదర్శన అయ్యాక అవే ఆరు ప్రశ్నలు దానికీ వేయించండి.

ప్రతి జట్టూ నటించి చూపాలి, మిగతావాళ్లు ఒక్క మాటలో తీర్పు చెప్పాలి: ‘నిలబడింది’ లేదా ‘పడిపోయింది’.

అప్పుడు రెండో ప్రశ్న. సిగరెట్టు తీస్తే నిజంగానే పడిపోయే సన్నివేశం ఉంటుందా? ఉంటుంది. వ్యసనం నుంచి బయటపడలేక నలిగిపోయే మనిషి కథలో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయే పాత్రలో అది కథలో భాగం. ఈ సంగతి మీరు నిజాయితీగా ఒప్పుకోండి. ‘అన్నీ తప్పే’ అన్నారంటే పిల్లలకు అది ప్రచారంగా వినిపిస్తుంది, మీ మాట నమ్మడం ఆపేస్తారు. అవసరమున్న దృశ్యాన్ని, అలంకారంగా పెట్టిన దృశ్యాన్ని వేరు చేయగలగడమే ఇక్కడ నైపుణ్యం.

## 6. హెచ్చరికను కూడా చదివించాలి

రెండో తరగతి చివర 15 నిమిషాలు దీనికి ఉంచండి.

సన్నివేశాన్ని ఆపి అడుగున ఉన్న అక్షరాలను చూపించండి. ముఖం ఎక్కడుంది, అక్షరాలు ఎక్కడున్నాయి, మొదటిసారి చూసినప్పుడు ఎంతమంది వాటిని చదివారు? ఇప్పుడు అదే సన్నివేశం ఫోనులో రీల్‌గా వస్తే ఏమవుతుందో చూడమనండి. అడ్డంగా ఉన్న తెరను నిలువుగా కత్తిరించేటప్పుడు మూలనున్న అక్షరాలు సగం పోతాయి, ఒక్కోసారి మొత్తం పోతాయి. స్లో మోషన్, సంగీతం, పొగ మాత్రం చెక్కు చెదరవు. పిల్లలు సినిమా చూసేది ఒకసారి, ఆ రీల్ చూసేది లెక్కలేనన్నిసార్లు. నన్నడిగితే ఇవాళ అసలు సమస్య థియేటరు కన్నా ఇక్కడే ఎక్కువ.

థియేటర్లలో ఒకప్పుడు వచ్చిన ముకేశ్ ప్రకటన గురించి కూడా మాట్లాడండి. అతని గొంతును అనుకరించి నవ్వేవాళ్లు చాలామందే ఉంటారు. నవ్వినందుకు మందలించకండి. ఒక్క విషయం చెప్పండి: అతను నటుడు కాదు. ముకేశ్ హరాణే అనే మహారాష్ట్ర యువకుడు, గుట్కా నమిలి నోటి క్యాన్సరు తెచ్చుకుని 2009లో 24 ఏళ్లకే చనిపోయాడు. చెప్పి ఆగిపోండి. వ్యాఖ్యానం అక్కర్లేదు.

పెద్ద పిల్లలయితే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. పాన్ మసాలా పేరుతోనే యాలకులు, మౌత్ ఫ్రెష్‌నర్లు అమ్మే ప్రకటనల్లో పెద్ద తారలు కనిపిస్తారు. పేరు అదే, డబ్బా రంగు అదే, అమ్మే వస్తువు మాత్రం వేరు. ‘యాలకులకు ఇంత ఖర్చు పెట్టి ప్రకటన ఎందుకు?’ అన్న ఒక్క ప్రశ్న వేసి వదిలేయండి.

ఈ-సిగరెట్టు గురించి అడిగితే, 2019 చట్టం దేశంలో దాని తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నిటినీ నిషేధించిందని చెప్పండి. విదేశీ సిరీస్‌లలో చూసి అది చట్టబద్ధమనుకునే పిల్లలు చాలామంది.

## 7. మూడో తరగతి: తెర బయటి లెక్క

వారం ముందే ఇంటిపని ఇవ్వండి. ప్రతి ఒక్కరూ తమ వీధిలో, బంధువుల్లో పొగాకు వాడే అయిదుగురిని గుర్తు చేసుకుని రాయాలి. పేర్లు వద్దు, వాళ్లను వెళ్లి అడగడం వద్దు. వయసు సుమారుగా, చేసే పని, వాడే వస్తువు, ఎప్పుడు వాడతారు, ఇవి చాలు.

తరగతిలో బోర్డును రెండుగా చేయండి. ఎడమవైపు తెరమీద తాగేవాళ్లు, కుడివైపు మన వీధిలో వాడేవాళ్లు. ఎడమవైపు ఏం నిండుతుందో మీకు తెలుసు: పాతికేళ్ల యువకుడు, సిగరెట్టు, బైకు, గెలుపు. కుడివైపు నిండేకొద్దీ పిల్లల ముఖాలు చూడండి. ఆటో స్టాండులో ఖైనీ నలిపే డ్రైవరు, పనిలోకి దిగేముందు బీడీ వెలిగించే మేస్త్రి, జర్దా పాను వేసే మేనమామ, దగ్గుతో రాత్రంతా కూర్చునే తాత. ఉత్తరాంధ్రలో చేస్తే అడ్డపొగ తాగే అవ్వలు కూడా వస్తారు. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే ఆ చుట్ట వల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సరు వస్తాయి. అడ్డపొగ తాగే హీరోయిన్ తెరమీద కనిపించడం అరుదు.

ఇక్కడ ఒక జాతీయ లెక్క చెప్పవచ్చు. 2016–17 సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగతాగేవాళ్లు 10.7 శాతం, పొగ లేని పొగాకు నమిలేవాళ్లు 21.4 శాతం. తెర ఈ రెండోవాళ్లను దాదాపుగా చూపించదు. చూపించినా హాస్యగాడికో ముసలి రౌడీకో ఇస్తుంది. ఎందుకని? నమిలి ఉమ్మడాన్ని ఎంత స్లో మోషన్‌లో తీసినా అందం రాదు.

రెండు వరసలూ పక్కపక్కన పెట్టి, ‘ఎవరిని వదిలేశారు?’ అని అడగండి. ఈ ప్రశ్న పట్టుబడిందంటే పిల్లలు దాన్ని మద్యానికీ, ఒంటి రంగుకూ, ప్రేమ కథలకూ వాళ్లంతట వాళ్లే వాడుకుంటారు.

## 8. పిల్లల ఎదురు ప్రశ్నలు

‘సినిమా చూసి ఎవరైనా తాగుతారా?’ వాదనకు దిగకండి. ఎంతమంది ఫలానా హీరో క్రాపు చేయించుకున్నారో అడగండి. తరువాత ఢిల్లీ అధ్యయనం చెప్పండి. ఒక్క అధ్యయనంతో కారణం రుజువు కాదని కూడా చెప్పండి. ఎన్నో అధ్యయనాలను కలిపి చూశాకే కార్యకారణ సంబంధం ఉందని సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది.

‘విలన్ తాగితే మంచిదే కదా?’ విలన్ ఫొటో ఎంతమంది ఫోనులో స్టేటస్‌గా ఉందో అడగండి.

‘మా తాత చుట్ట కాల్చి 85 ఏళ్లు బతికాడు.’ సంతోషం. తాత సంగతి గౌరవంగా వినండి. తరువాత నెమ్మదిగా, ఆయనతో పాటు కాల్చిన స్నేహితుల్లో ఎంతమంది ఉన్నారో తాతనే అడిగి రమ్మనండి.

‘అది హెర్బల్ సిగరెట్టు, అసలుది కాదు.’ ఆకు ఏదైనా కాలితే తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. చూసేవాడికి మాత్రం రెండూ ఒకటే.

‘దర్శకుడి స్వేచ్ఛ సంగతేమిటి?’ ఇది మంచి ప్రశ్న, దీన్ని చర్చగా మార్చండి. 2005 నిషేధం, 2009 తీర్పు, 2012 హెచ్చరికలు, ఈ మూడూ చెప్పి తరగతిని రెండు జట్లు చేయండి. మీరు ఏ పక్షమూ తీసుకోకండి.

## 9. ఇంట్లో అయితే

ఇంట్లో పాఠం పెట్టకండి. సోఫాలో పక్కపక్కన కూర్చుని సినిమా చూస్తున్నప్పుడు ఒక్క ప్రశ్న చాలు, అదీ సినిమా ఆపకుండా: ‘ఇక్కడ సిగరెట్టు లేకపోతే ఏమయ్యేది?’ జవాబు రాకపోయినా ఫర్వాలేదు. మరో సినిమాలో మరోసారి అడగండి. ప్రతి సినిమాకూ అడిగితే మాత్రం వాళ్లు మీతో చూడడం మానేసి గదిలోకి ఫోను తీసుకుపోతారు.

పదేళ్ల లోపు పిల్లలయితే ‘అది నటన, పొగ అందంగా కనిపించడానికి వెనక లైటు పెట్టారు’ అని చెబితే సరిపోతుంది. టార్చి, అగరుబత్తి పొగతో చూపించవచ్చు. ముందు నుంచి, వెనక నుంచి. పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

మీరు స్వయంగా తాగేవారయితే దాచకండి. ‘నేను మానలేకపోతున్నాను’ అని తండ్రి చెప్పిన మాట ఏ ప్రకటన కన్నా బలంగా పని చేస్తుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- పాడైన ఊపిరితిత్తుల బొమ్మలతో మొదలుపెట్టడం. పిల్లలు కళ్లు తిప్పుకుంటారు లేదా నవ్వుతారు. ఇలాంటి భయపెట్టే బొమ్మలు, హెచ్చరికలు సిగరెట్టు పెట్టెల మీద 2016 నుంచి 85 శాతం మేర ఉన్నాయి, వాళ్లకు అలవాటైపోయాయి. సన్నివేశంతో మొదలుపెట్టండి.
- హీరోను తిట్టడం. ఒక్క మాట తూలారా, అభిమాన సంఘం లేచి నిలబడుతుంది. ‘అతను’ బదులు ‘ఆ పాత్ర’, ‘ఆ షాట్’ అనండి.
- చివర్లో ప్రతిజ్ఞ చేయించడం. చేయి చాచి అందరూ చదువుతారు, గేటు దాటగానే మరిచిపోతారు. బదులుగా ఆరో ప్రశ్నకు రాతలో జవాబు తీసుకోండి.
- పోస్టర్ల పోటీ. నలభై మంది నలభై పుర్రెలు, నలభై మండుతున్న సిగరెట్లు గీస్తారు. గోడ నిండా మళ్లీ సిగరెట్లే! వేయించాల్సివస్తే సిగరెట్టు బొమ్మ లేకుండా గీయమనే షరతు పెట్టండి.
- చేతులెత్తించి లెక్క తీయడం. పేరు లేని చీటీలు, మూత ఉన్న పెట్టె వాడండి.
- మీరే ఎక్కువ మాట్లాడడం. 45 నిమిషాల్లో మీ మాటలు పది నిమిషాలు దాటకూడదు.

## 11. ఫలితం చూడడం, ఆ తరువాత

మొదటి తరగతికి ముందు, నెల తరువాత, రెండుసార్లూ ఒకే చీటీ రాయించండి. ప్రశ్నలు మూడే: నీ వయసు వాళ్లలో నూటికి ఎంతమంది పొగాకు వాడతారని అనుకుంటున్నావు? ఈ మధ్య చూసిన సినిమాలో పొగ దృశ్యం ఒకటి గుర్తుందా, అక్కడ అది ఎందుకుంది? స్నేహితుడు సిగరెట్టు ఇస్తే ఏమంటావు?

మూడో ప్రశ్న జవాబులు రెండుసార్లూ ఒకేలా ఆదర్శంగా ఉంటాయి, పట్టించుకోకండి. మొదటి అంకె 8.5కు దగ్గరగా జరిగిందా, రెండో జవాబులో కెమెరా, వెలుతురు, శబ్దం అన్న మాటలు వచ్చాయా, అవి చూడండి. రాకపోతే నాలుగో తరగతి పెట్టి కొత్త సన్నివేశం పిల్లల చేతే ఎంపిక చేయించండి, విశ్లేషణ కూడా వాళ్లే నడపాలి. ఓటీటీలో హెచ్చరిక లేని దృశ్యం ఎవరికైనా దొరికితే, ఏ సిరీస్, ఏ భాగం, ఏ నిమిషం అని రాసి ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు ముసాయిదా తయారు చేయించవచ్చు. నిబంధనల కింద అలాంటి ఫిర్యాదులు చూడడానికి మంత్రిత్వ శాఖల ఉమ్మడి కమిటీ ఉంది.

పెట్టెలో ‘నేను తాగుతున్నాను’ అన్న చీటీ రావచ్చు. చేతిరాతను బట్టి ఎవరో పట్టుకోవడానికి ప్రయత్నించకండి, హెడ్‌మాస్టరు దగ్గరికి తీసుకెళ్లకండి. మరుసటి తరగతిలో అందరికీ కలిపి, మానాలనుకునే వాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను సేవ 1800-11-2356 ఉందని చెప్పి, ఆ నంబరును బోర్డు మీద వారం పాటు చెరపకుండా ఉంచండి. ఇంటర్వెల్‌లో ఎవరైనా దాన్ని రాసుకుంటూ కనిపిస్తే చూడనట్టు వెళ్లిపోండి.